చేవెళ్ళ దారిలో

మెహదీపట్నంలో చేవెళ్ళ బస్సు ఎక్కేసరికి ఉదయం తొమ్మిదైంది. బస్సులో ముప్పాతిక వంతు ఆడవాళ్ళే. 2023 డిసెంబరు నుంచి వాళ్ళకు టికెట్టు లేదు కనుక, చిల్లర చేతబట్టుకుని కండక్టరు కోసం ఎదురుచూసే నాబోటి మగవాళ్ళం అల్పసంఖ్యాక వర్గంలో చేరిపోయాం. అయితేనేం, కిటికీ పక్కన చోటు దొరికింది. ఒళ్ళో సంచీ, సంచీలో నీళ్ళసీసా, మా ఆవిడ కట్టియిచ్చిన పులిహోర, కిందటేటి మా కాలేజీ పత్రిక ప్రతి ఒకటి. ఆ వైపు వెళ్ళే పట్నంవాళ్ళు చాలామంది స్థలాలు చూడడానికే వెళతారు కాబోలు, పక్కాయన నన్ను ఎగాదిగా చూసి, "గజం ఎంత చెప్పిన్రు సారూ?" అని అడిగాడు. నేను వెళ్తున్నది ఒక ప్రశ్నకు జవాబు చెప్పడానికండీ, అంటే నవ్విపోతాడని ఊరుకున్నాను. పైగా ఆ జవాబు నా సంచీలో లేదు.

ప్రశ్న అడిగింది మా డిగ్రీ విద్యార్థిని. చేవెళ్ళకు దగ్గర్లోని ఓ పల్లె ఆమెది. రోజూ ఈ దారినే కాలేజీకి వచ్చిపోతుంది. దారి పొడుగునా ఉన్న మర్రిచెట్లమీద కిందటేడు ఒక కవిత రాసింది. బాగుంది. పత్రికలో వేసి, కింద నేను నాలుగు మెప్పుమాటలు కూడా చేర్చాను. ఈ చలికాలంలో ఒకనాడు పాఠం అయ్యాక నిలబడి, "సార్, కవిత యాడికెల్లి వస్తది?" అంది.

తెలుగు ఎం.ఏ. చదివి ఇరవయ్యేళ్ళుగా పాఠాలు చెబుతున్నవాడికి ఇంతకంటె సులువైన ప్రశ్న ఉంటుందా? సహజమైన ప్రతిభ, బాగా చదువుకోవడం, విడవని కృషి, ఈ మూడూ కలిస్తే కవిత్వమన్నాడు దండి. ప్రతిభ లేకపోయినా పట్టువదలక కొలిస్తే వాగ్దేవి ఎంతో కొంత కరుణిస్తుందని ధైర్యం కూడా చెప్పాడు. మమ్మటుడు ఆ మూడూ కలిసే ఒక్క కారణమన్నాడు. మన కోనసీమ ముంగండ పండితుడు జగన్నాథుడు ఈ లెక్కలన్నీ తోసేసి, ప్రతిభ ఒక్కటే చాలునన్నాడు. గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆ పిల్ల బుద్ధిగా రాసుకుని, పెన్ను మూసి, "ఇది పరీక్షల రాస్త సార్. నాకెందుకు బందైందో చెప్పుండ్రి," అంది.

అప్పుడు గాని అసలు సంగతి తెలియలేదు. 2025 నవంబరు 3న, సోమవారం ఉదయం, చేవెళ్ళ దగ్గర మీర్జాగూడ వద్ద తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సునూ కంకర టిప్పరునూ ఒకదానికొకటి ఢీకొట్టడం పాఠకులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. 19 మంది పోయారు. కంకర బస్సులోకి ఒరిగిపోయింది. మా అమ్మాయి ఆ బస్సులో లేదు. కాని ఆ సాయంత్రం వాళ్ళ వాడకట్టులో ఎవరో, "చెట్లమీద కవితలు కడితివి గద, రోడ్డు ఎడల్పు కాకపాయె," అన్నారట. "నేను రాసినందుకే అయిందని కాదు సార్, నాకెరికే. అయినా పెన్ను పట్టుకుంటే కంకరే యాదికొస్తది."

దండి, మమ్మటుడు, జగన్నాథుడు ముగ్గురూ నన్నొదిలి వెళ్ళిపోయారు. ఆదివారం మీ ఊరు వస్తానమ్మా, అని మాత్రం అన్నాను. ఆ కవిత అచ్చువేసినవాణ్ణి నేను.

లంగర్ హౌస్ దగ్గర బస్సు కాసేపు ఆగింది. ఇక్కడే, బాపూఘాట్ వద్ద, మూసీ, ఈసీ కలుస్తాయి. ఇప్పుడు ఆ నీళ్ళను చూసి ఎవరూ భయపడరు, ముక్కు మూసుకుంటారంతే. 1908 సెప్టెంబరు 28న ఈ నదే హైదరాబాదును ముంచింది. పైన పల్లెల్లో రెండువందలకు పైగా చెరువులు తెగి, ఆ నీళ్ళన్నీ ఏకమై వచ్చిపడ్డాయి. పదిహేనువేలమంది దాకా పోయారంటారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది.

మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఆయన అప్పుడే బొంబాయి సర్కారు కొలువు విడిచి విదేశయాత్రలో ఉండగా కబురందింది. ఊరు మునిగినప్పుడు ఎవరి దృష్టయినా ఊరిమీదే ఉంటుంది: గోడలు ఎత్తు పెంచాలా, గట్లు కట్టాలా, వంతెనలు మార్చాలా. ఆయన అవీ చూశాడు గాని, వాటితో ఆగలేదు. నదిని పట్టుకుని ఎగువకు వెళ్ళి, ఎన్ని చెరువులున్నాయి, ఎక్కడెక్కడ ఎంత వాన కురిసింది, నీరు ఏ దారిన ఎంతసేపట్లో దిగింది అని లెక్క కట్టాడు. వరదను ఊళ్ళో ఎదుర్కోవడం కాదు, ఊరికి రాకముందే పైన ఆపి నిలవపెట్టాలన్నాడు. అలా 1920లో మూసీమీద ఉస్మాన్ సాగర్, అంటే మన గండిపేట, 1927లో ఈసీమీద హిమాయత్ సాగర్ తయారయ్యాయి. వరదను ఆపడానికి తలపెట్టిన ఆలోచన తరాల తరబడి పట్నానికి మంచినీళ్ళు పోసింది. ప్రశ్న పుట్టింది అఫ్జల్‌గంజ్‌లో, జవాబు దొరికింది గండిపేటలో. సృజన అనే మాటను మేము సాహిత్యంవాళ్ళం మా ఇంటి ఆస్తి అనుకుంటాం గాని, ఈ ఇంజనీరు చేసినదానికి వేరే పేరేమిటో నాకు తెలియదు.

అప్పా కూడలి దాటగానే ఆ రెండు సాగరాలూ ఈ రోడ్డుకు చెరోవైపు అయిపోతాయి. కుడివైపు గండిపేట, ఎడమవైపు హిమాయత్ సాగర్. బస్సులోంచి రెండూ కనబడవు. కనబడేవి మర్రిచెట్లే. ఇక్కణ్ణుంచి మన్నెగూడ దాకా సుమారు 46 కిలోమీటర్లు, తొమ్మిదివందల పైచిలుకు చెట్లు. నిజాం కాలంనాటివంటారు. రోడ్డువైపు కొమ్మలను లారీలు రాసుకుని రాసుకుని కత్తెరతో కత్తిరించినట్టు చదును చేశాయి. పొలంవైపు మాత్రం ఊడలు హాయిగా దిగాయి. ఒకే చెట్టు, ఒక పక్క క్షవరం, ఒక పక్క జడలు. కొన్నిటి మొదళ్ళకు అంకెలు వేసి ఉన్నాయి. అంకె వేస్తే చెట్టుకైనా మనిషికైనా మంచికో చెడ్డకో తెలియదు.

చిలుకూరు మలుపు దగ్గర ఒక గుంపు దిగింది. ఆ బాలాజీ గుళ్ళో హుండీ లేదు. కోరుకునేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, కోరిక తీరాక నూట ఎనిమిది. అమెరికా వీసాలకోసం తిరిగేవాళ్ళను చూసి నవ్వేవాళ్ళున్నారు గాని, నాకు ఆ లెక్క నచ్చుతుంది. కవులందరికీ దీన్ని వర్తింపజేస్తే బాగుండును: పద్యం తోచడానికి పదకొండు చుట్లు, తోచినదాన్ని దిద్దడానికి నూట ఎనిమిది. మావాళ్ళు పదకొండు దగ్గరే సన్మానానికి సిద్ధమవుతారు.

బస్సు కుదుపులో ఫ్రెంచి గణితవేత్త పోయింకారే గుర్తొచ్చాడు. ఒక కొత్త రకం ప్రమేయాలు ఉండనే ఉండవని నిరూపించాలని ఆయన పదిహేను రోజులు బల్లముందు కూర్చుని తంటాలుపడ్డాడట. ఒక రాత్రి అలవాటులేని కాఫీ తాగి నిద్రపట్టక, అవి ఉన్నాయనే తేల్చాడు. తరవాత పని పక్కనపెట్టి విహారయాత్రకు పోయి, కూతాన్స్ ఊళ్ళో గుర్రపుబస్సు మెట్టుమీద కాలు పెట్టాడో లేదో, ఆ ప్రమేయాలకూ మరో జ్యామితికీ ఉన్న చుట్టరికం తళుక్కున తోచింది. పక్కవాళ్ళతో మాటలు కూడా ఆపలేదట. ఈ కథ ఆయన పారిస్‌లో చెప్పింది 1908లోనే; మూసీ పొంగిన ఏడే. ఈ కథ విన్నవాళ్ళు బస్సు మెట్టునే గుర్తుపెట్టుకుంటారు. ఆ పదిహేను రోజులూ తప్పుదారిలో నడవకపోతే అది వట్టి బస్సుమెట్టే. ఇది ఆ పిల్లకు చెప్పవచ్చుననుకున్నాను. మరుక్షణమే, చెప్పకూడదనుకున్నాను. లెక్క తెగకపోవడమూ, కంకర కళ్ళలో మెదలడమూ ఒకటేనా?

మొయినాబాదు దాటి, కనకమామిడి దాటి, మీర్జాగూడ వచ్చేసరికి బస్సులో మాటలు వాటంతటవే తగ్గాయి. ముందుసీట్లో ముసలామె చేతులు జోడించింది. ఎదురుగా ఒక టిప్పరు వచ్చి, గాలి విసిరి, వెళ్ళిపోయింది. ఆ ఇరుకులో రెండు పెద్దబండ్లు తప్పుకోవడం చూస్తే, రోడ్డు వెడల్పు కావాలని అరిచేవాడి గొంతు నాకూ వినబడింది. పత్రికలో నేను రాసిన మెప్పుమాటల్లో ఆ గొంతు లేదు. ఆ సంగతి ఒప్పుకోవాలి.

ఈ రోడ్డు కథ రెండు ముక్కల్లో చెబుతాను. నాలుగు వరసలుగా వెడల్పు చేయాలంటే చెట్లు పోవాలన్నారు. చెట్లు పోరాదని కొందరు పౌరులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. ఏళ్ళు గడిచాయి. ఈ పెనుగులాటలోనే ఒక ఆలోచన పైకి వచ్చింది: ఉన్న రోడ్డును ఒక దిక్కు బండ్లకు వదిలేసి, మర్రివరసకు అవతల మరో రోడ్డు వేస్తే? అంచున ఉన్న చెట్టు నడుమకు వస్తుంది. చెట్టు కదలదు, దారి కదులుతుంది. చాలా చెట్లు ఉన్నచోటే ఉండేటట్టు, కొన్నింటిని తరలించేటట్టు పథకం మారింది. విశ్వేశ్వరయ్యగారు వరదకు చేసిందీ ఇలాంటిదే. రెండిట్లో ఒకటి వదులుకోవడానికి అందరూ ఒప్పుకుంటే కొత్త ఆలోచనతో పనే లేదు, గొడ్డలి చాలు. కాని ఆలోచన కాగితంమీద నలుగుతున్నంతకాలమూ ఇరుకు రోడ్డు ఇరుకుగానే ఉంది. ఇదీ నిజమే.

పల్లెలో ఇల్లు చేరేసరికి వాకిట్లో చేమంతుల గుట్ట. రాత్రికి గుడిమల్కాపురం మార్కెట్టుకు పోవాలి. "కూసోండ్రి సారూ," అని వాళ్ళమ్మ మంచం వాల్చింది. వాళ్ళ నాన్న పొలం చూపించాడు. చేమంతి, క్యారెట్టు, గట్టున ఒక తాటిచెట్టు. తాటి మట్టల సందున మర్రిమొక్క మొలిచి, వేళ్ళు కిందికి జారవిడుస్తోంది. "పిట్ట ఏసింది సారూ. తల్లిచెట్టు కింద పడ్డది ఒక్కటి లేవదు, నీడకే సస్తది. ఏరేచెట్టు మీద పడ్డది బతుకుతది," అన్నాడు. నేను జేబులోంచి కాగితం తీశాను. "గిది గూడ రాసుకుంటరా!" అని ఆశ్చర్యపోయాడు.

పులిహోర, వాళ్ళ జొన్నరొట్టె, పంచుకుని తిన్నాం. తరవాత అమ్మాయితో అమ్జద్ హైదరాబాదీ కథ చెప్పాను. ఉర్దూ రుబాయీలకు పేరుపడ్డ కవి. 1908 వరదలో ఆయన కొట్టుకుపోయి బయటపడ్డాడు. తల్లి, భార్య, కూతురు ముగ్గురూ పోయారు. ఆ వరదమీదే 'ఖయామత్-ఎ-సుగ్రా' రాశాడు. చిన్న ప్రళయమని అర్థం. విశ్వేశ్వరయ్యగారికి ఎగువకు పోవడానికి దారి ఉంది. అమ్జద్‌కు లేదు. ఆయన నీళ్ళలోనే నిలబడి రాయాలి.

"ఆయన రాసినంక నీళ్ళు పోయినయా సార్?"

"పోయి ఉండవమ్మా."

ఆమె చాలాసేపు చేమంతి తొడిమలు గిల్లుతూ కూర్చుంది. నేను సంచీలోంచి పత్రిక తీసి, ఆమె కవిత ఉన్న పుట తెరిచాను. "ఇందులో తప్పేమీ లేదు. చెట్లున్నాయి. రోడ్డుమీద పోయే మనుషులు లేరు. అది నాకూ కనబడలేదు, మార్కులు వేసేశాను," అన్నాను. పత్రిక తీసుకోలేదు. వద్దనీ అనలేదు. మంచంమీద అలాగే ఉంచి లేచాను.

సాయంత్రం నన్ను బస్సెక్కించడానికి రోడ్డు దాకా వచ్చింది. మా ఆవిడకని వాళ్ళమ్మ ఇచ్చిన చేమంతుల మూట ఆమె చేతిలో. బస్‌స్టాపంటే ఏముంది, ఒక మర్రిచెట్టు. దాని కింద నలుగురు ఆడవాళ్ళు, ఒక ముసలాయన, రెండు మేకలు. అమ్మాయి చెట్టువంక, రోడ్డువంక, పొలంవంక మార్చి మార్చి చూసింది.

"సార్, చెట్టు నడుమల ఉంటది అంటున్రు గద?"

"అవును."

"మరి బస్సు ఎడమకు ఆగుతది. మనుషులు గీ అంచుకు నిలబడుతరు. నీడ నడుమల పడుతది." చేత్తో గాలిలో గీత గీసి చూపింది. "పొద్దంత బండ్ల మీదనే పడుతది గద సార్ నీడ. నిలబడేటోళ్ళకు ఏది?"

నేను జవాబు వెతుక్కుంటున్నాను. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి ఒరుగుతాడు, నీడ ఉత్తరానికి పడుతుంది, కనుక ఒక పక్కవాళ్ళకు దొరకవచ్చు, ఎండాకాలం మాటో, అని వేళ్ళమీద లెక్కపెడుతుండగా బస్సు వచ్చేసింది. మూట నా చేతిలో పెట్టి, "పెన్నున్నదా సార్?" అంది. ఇచ్చాను. కండక్టరు తొందరపెడుతుంటే మెట్టెక్కాను. వెనక అద్దంలోంచి చూస్తే ఆమె ఇంకా చెట్టు కిందే, అరచేతిమీద ఏదో రాసుకుంటూ నిలబడి ఉంది.