వెలిగించని హవానా చుట్ట

షెర్లాక్ హోమ్స్ గోదావరి జిల్లాల మొహం ఎప్పుడూ చూళ్లేదు. కానీ మన లంక చుట్ట ఆయనకి బాగా తెలుసు! 1890లో వచ్చిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో, 140 రకాల పొగాకు నుసుల మీద తానో పుస్తకం రాశానని హోమ్స్ గొప్పగా చెప్పుకుంటాడు. హంతకుడు కాల్చింది ‘లంకా’ అని నుసిని బట్టి తేలిందంటే, వెతకాల్సిన పరిధి తగ్గిపోయినట్టేనట. ఆ లంకా మరేదో కాదు. గోదావరి పాయల మధ్య, వరద మేట వేసిన లంక భూముల్లో పండిన ఆకుతో చుట్టిన మన చుట్టే. అంతకు నాలుగేళ్ల ముందు, 1886లో అచ్చయిన ‘హాబ్సన్ జాబ్సన్’ నిఘంటువులోనూ ఆ మాట ఉంది.

ఈ కబుర్లేవీ పామిడిముక్కల పెద్దాయనకి తెలియవు. ఆయనకి తెలిసింది ఆకు.

ఎనభై దాటిన వరి రైతు. కుర్రతనంలో నాలుగేళ్లు గోదావరి లంకలో మేనమామగారింట ఉండి పొగాకు పండించాడు. ఆకు కోయడం, తోరణంలా గుచ్చి ఆరగట్టడం, మండె వేసి మగ్గబెట్టడం, మండె లోపల వేడి పెరిగిందో లేదో చెయ్యి పెట్టి చూసి తిరగెయ్యడం... అన్నీ అక్కడ నేర్చినవే. తర్వాత సొంతూరొచ్చి వరిలో పడ్డా, చుట్ట మాత్రం వదల్లేదు. దుకాణంలో చుట్టిన చుట్ట జన్మలో కొనలేదు. కాడలు తెచ్చుకుని, తడిగుడ్డలో చుట్టి మెత్తబరిచి, ఈనె తీసి తనే చుట్టుకునేవాడు. ఊళ్లో ఎవరు కొత్త కట్ట తెచ్చుకున్నా ముందు ఈయన ముక్కు దగ్గరికి రావాల్సిందే.

ఆ చుట్టకి స్వస్తి చెప్పి పద్నాలుగేళ్లయింది. బుగ్గ లోపల తెల్లటి మచ్చ కనిపిస్తే బెజవాడ తీసుకెళ్లారు. ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫలితం వచ్చేదాకా ఆ వారం రోజులూ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. అంతకు ముందు ఏడాదే ఆయన తోడల్లుడు అంగిట్లో క్యాన్సరొచ్చి పోయాడు మరి. ‘ఇప్పటికైతే ఏమీ లేదు. ఇంకొక్క చుట్ట ముట్టుకుంటే మాత్రం నా దగ్గరికి రావద్దు’ అన్నాడు డాక్టరు. పెద్దాయన ఆ రోజు బస్సెక్కేముందే జేబులో ఉన్న రెండు చుట్టలూ తీసి మురిక్కాలవలో పడేశాడు.

ఇదంతా జరిగినప్పుడు మనవడు హైస్కూల్లో ఉన్నాడు. హాస్టల్లో చదువు. ఇంటి గొడవ సగమే తెలుసు. దుబాయ్‌లో ఉద్యోగం వచ్చాక, సంక్రాంతికి వస్తూ విమానాశ్రయంలో తాతకేం కొనాలా అని చూస్తే అల్యూమినియం గొట్టంలో పెట్టిన హవానా సిగార్ కనిపించింది. కోహిబా. ‘తాతయ్య దగ్గర పడుకుంటే వచ్చే వాసన’ గుర్తొచ్చిందట. కొనేశాడు. ఖరీదు విన్న మామ్మ, ‘దాంతో రెండు బస్తాల బియ్యం వచ్చేవి కదరా’ అంది. అంతకుమించి ఏమీ అనలేదు. కానీ వంటింటి గుమ్మంలోంచి కదల్లేదు.

పెద్దాయన గొట్టం మూత తీశాడు. వెంటనే వాసన చూడలేదు. రెండు వేళ్ల మధ్య పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకి మెల్లగా నొక్కుకుంటూ వెళ్లాడు. గడ్డ తగిలితే అక్కడ పొగ ఆగుతుంది. గుల్లగా ఉంటే అక్కడ గబగబా మండి చుట్ట ఓరగా కాలుతుంది. రెండూ లేవు. చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ నొక్కాడు. చిటపటలాడితే ఎండిపోయినట్టు. ఇది చప్పుడు చెయ్యలేదు. ‘తేమ సరిపోయింది’ అన్నాడు.

పైరేకుని కిటికీ వెలుగులో తిప్పి చూశాడు. తేనె రంగు. అక్కడో ముదురు, ఇక్కడో లేత లేకుండా అంతా ఒకే తీరు. చెయ్యి రాస్తే సన్నటి జిడ్డు. ఈనెలు ఉన్నాయా లేవా అన్నంత పలచన. ‘ఇది ఎండలో పెరిగిన ఆకు కాదురా. పైన ఏదో కప్పి పెంచారు.’ మనవడు ఫోన్ తీసి వెతికాడు. నిజమే! క్యూబాలో పినార్ దెల్ రియో ప్రాంతం పొగాకుకి పేరుపడ్డ నేల. అక్కడ సిగార్ పైచుట్టుకి వాడే ఆకుని పలచటి గుడ్డ పందిరి కింద పెంచుతారు. తాత వేలికొసలకి తెలిసింది ఫోన్ అర నిమిషం ఆలస్యంగా చెప్పింది.

వాసన ఆఖర్న చూశాడు. అదీ వెలిగించే కొస వైపు నుంచి. సరిగా మగ్గని ఆకైతే ముక్కు మండుతుంది, అమోనియా ఘాటు కొడుతుంది. బాగా మగ్గితే తీపి కలిసిన మట్టివాసన, పాత కర్రపెట్టె తెరిచినప్పటి వాసన. చాలాసేపు కళ్లు మూసుకున్నాడు పెద్దాయన. ‘మండె ఒకటికి మూడుసార్లు తిరగేసుంటారు’ అన్నాడు. మళ్లీ ఫోన్. కోహిబాకి లోపల పెట్టే ఆకుల్లో కొన్నిటిని మూడోసారి కూడా మగ్గబెడతారట!

హవానా సిగార్ని రుచి చూసి మార్కులేసే రసికులు ప్రపంచమంతా ఉన్నారు. కాఫీ, కోకో, తోలు, దేవదారు అంటూ పొగలో ఏవేవో వాసనలు పట్టుకుంటారు. నుసి ఎంత తెల్లగా ఉంది, ఎంతసేపు రాలకుండా నిలిచింది అని చూస్తారు. పెద్దాయన లెక్కలూ అవే. తేడా ఏమిటంటే, ఆయన వాటికి కాయితం మీద అంకెలెయ్యలేదు. 1962లో క్యూబా సరుకు మీద నిషేధం పెట్టేముందు అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ తన కోసం వెయ్యికి పైగా సిగార్లు తెప్పించి దాచుకున్నాడని ఆయన కార్యదర్శే చెప్పాడు. మోజు అలాంటిది! హవానా కార్ఖానాల్లో ఇంకో ముచ్చటైన ఆచారం ఉంది. చుట్టలు చుట్టేవాళ్లకి ఒకరు కూర్చుని పేపర్లు, నవలలు గట్టిగా చదివి వినిపిస్తారు. 1865లో మొదలైంది. ‘మాంటెక్రిస్టో’ సిగార్‌కి ఆ పేరు అలా విన్న డ్యూమా నవల నుంచే వచ్చిందంటారు.

మన దగ్గరా చుట్టకి సాహిత్య మర్యాద తక్కువేం కాదు. ‘కన్యాశుల్కం’లో గిరీశం చుట్ట మహిమ మీద ఏకంగా పద్యమే చదువుతాడు. గురజాడ అప్పారావు పూర్వీకుల ఊరని చెప్పే గురజాడ ఉన్నది ఈ పామిడిముక్కల మండలంలోనే. ఇక మచిలీపట్నం రేవు నుంచి 1600ల్లోనే పొగాకు ఓడలెక్కింది.

ముచ్చట్లు ఎన్నున్నా పొగ పొగే. సిగార్ పొగ గుండెల్లోకి పీల్చరు కాబట్టి ఫర్వాలేదనే మాట చాలామంది నోట వినిపిస్తుంది. పీల్చకపోయినా ఆ నికోటిన్ నోటిపొర గుండానే ఒంట్లోకి దిగుతుంది. నోటికి, గొంతుకి క్యాన్సర్ ముప్పు అలాగే ఉంటుంది. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని ‘అడ్డపొగ’ తాగే ఆడవాళ్ల అంగిళ్లలో క్యాన్సర్లు 1970ల నాటికే వైద్య పత్రికల్లోకి ఎక్కాయి. అంతెందుకు, సిగార్ లేకుండా ఫొటో దిగని ఫిడెల్ కాస్ట్రో అంతటివాడే 1985లో మానేశాడు.

‘ఒక్కటేగా తాతయ్యా, ఒక్క దమ్ము’ అన్నాడు మనవడు అగ్గిపెట్టె తీసి. గుమ్మంలో మామ్మ పైట కొంగు బిగించింది. పెద్దాయన మనవడి వైపు చూడలేదు, ఆమె వైపూ చూడలేదు. ‘అగ్గిపెట్టె కాదు, కత్తిపీట పట్రా’ అన్నాడు.

మనవడు వద్దువద్దంటున్నా, రెండు బస్తాల బియ్యాన్ని నిలువునా చీల్చాడు! నేల మీద పేపరు పరిచి, లోపలి ఆకుల్ని ఒక్కొక్కటే విప్పి వరసగా పెట్టాడు. దళసరిగా, నల్లగా, నడిమధ్యన ఉన్నది మొక్క కొసన కాసిన ఆకు. ఎండంతా తాగుతుంది, ఘాటంతా దాందే. నిదానంగా కాలుతుంది కాబట్టే మధ్యలో పెట్టారు. చుట్టూ ఉన్నది నడిమి ఆకు, వాసన కోసం. పలచగా ఉన్నది కింది ఆకు, నిప్పు నిలవడానికి. క్యూబావాళ్లు వీటికి లిహేరో, సెకో, వోలాడో అని పేర్లు పెట్టుకున్నారు. ‘మనం మూడు తరగతులు కలపం. ఉన్న ఆకే చుడతాం. వీళ్లు పులుసుకి పాళ్లు కలిపినట్టు కలిపారు’ అని ఒప్పుకున్నాడు. ‘ఘాటులో మాత్రం మన లంకాకు దీన్ని పడుకోబెడుతుంది.’ గంటసేపు ఆకుల దగ్గరే కూర్చున్నాడు. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని భోజనానికి లేచాడు.

ఆ పేపరుని అలాగే మడిచి మామ్మ పెరట్లోకి తీసుకెళ్లింది. పండక్కి చిక్కుడు పాదు విరగకాసింది, కానీ లేత తీగలకి పేనుబంక. ఆకులన్నీ రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున్నే వడగట్టి, కాస్త సబ్బునీళ్లు కలిపి పాదంతా చిలకరించింది. వారం దాకా కాయ కొయ్యొద్దని కోడలికి చెప్పింది. మూడోరోజుకి బంక సగం రాలిపోయింది.

‘మంచి సరుకేరా’ అంది మనవడితో.