గడ్డం వాలు తెలిస్తే చాలు

బీరకాయ చెక్కు తీయడం, జడ అల్లడం మనకి ఒకరు నేర్పక్కర్లేదు. కానీ మగవాళ్ళకి గడ్డం గీయడం గురించి ఈ పేజీలో రాస్తున్నానంటే మీరు నవ్వుకుంటారేమో! నవ్వుకోండి, ఫరవాలేదు. కానీ చివరిదాకా చదవండి. పెద్దవాళ్ళున్న ఇంట్లో ఇల్లాలికి ఎప్పుడో ఒకప్పుడు ఈ అవసరం పడుతుంది.

2022లో మా మావయ్యగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి బుగ్గ పట్టు తప్పాయి. మాట మెల్లగా తిరిగొచ్చింది గానీ చెయ్యి స్వాధీనంలోకి రాలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, రిటైరయ్యాక కూడా, రోజూ పొద్దున్నే నున్నగా గడ్డం గీసుకున్న మనిషి. మనలో గడ్డం మాసిందంటే ఇంట్లో ఏదో అశుభం జరిగిందనే కదా అనుకుంటారు! చూడ్డానికొచ్చిన వాళ్ళు ఆ తెల్లగడ్డం చూసి గొంతు తగ్గించి మాట్లాడేవారు. ఆయన మొహం గోడవైపు తిప్పేసుకునేవారు.

మావారు తెల్లారకుండానే డ్యూటీకి వెళ్ళాలి. ఇంటికొచ్చి గడ్డం చేసే అతను వారానికి ఒక్కసారి కంటే రాలేనన్నాడు. సరే, నేనే గీస్తానన్నాను. "కోడలు మావగారికి గడ్డం గీయడమేమిటి, చోద్యం కాకపోతే!" అని ఎదురింటి పిన్నిగారు బుగ్గలు నొక్కుకున్నారు. అన్నం కలిపి నోట్లో పెడితే లేని తప్పు గడ్డం గీస్తే వచ్చిందా? మీరే చెప్పండి.

మావయ్యగారిది పాతకాలపు రేజరు సెట్టు. కింద పిడి, పైన మూత, మధ్యలో రెండువైపులా పదునున్న పల్చటి బ్లేడు. ఈ రకం రేజరుని అమెరికాలో కింగ్ క్యాంప్ జిల్లెట్ అనే ఆయన 1903లో అమ్మకానికి పెట్టాడు. 1904లో పేటెంటు వచ్చింది. పదునుపెట్టే మడతకత్తి జోలికి పోకుండా ఎవరి గడ్డం వాళ్ళే గీసుకునే వీలు దీనివల్ల పెరిగింది.

ముందుగా ఒక హెచ్చరిక. పక్షవాతం వచ్చిన చాలామందికి రక్తం గడ్డకట్టకుండా మందులిస్తారు. అలాంటివారికి చిన్న గాటు పడినా రక్తం ఓ పట్టాన ఆగదు. అందుకని డాక్టరుగారిని అడిగాకే బ్లేడు పట్టండి. ఆయన వద్దంటే కరెంటు షేవరు వాడండి.

ఇక అసలు కిటుకు. ముఖమల్ గుడ్డ మీద చెయ్యి రాస్తే ఒక వైపు నున్నగా, రెండో వైపు గరుగ్గా తగులుతుంది కదా? గడ్డమూ అంతే. రెండు రోజులు పెరిగాక పొడి చేత్తో పైకీ, కిందికీ, పక్కలకీ నిమిరి చూడండి. నున్నగా తగిలేది వాలు. గుచ్చుకునేది ఎదురు. బుగ్గల మీద వాలు సాధారణంగా కిందికి ఉంటుంది. మెడ దగ్గర మాత్రం మనిషికో రకం. మావయ్యగారికి మెడ కింద వెంట్రుకలు పైకి తిరిగి ఉంటాయి. అందుకని అక్కడ మొదటి గీత కింద నుంచి పైకే.

స్నానం అయ్యాక గీస్తే మంచిది. లేదా గోరువెచ్చటి నీళ్ళలో పిండిన తువ్వాలు రెండు మూడు నిమిషాలు మొహాన వేసి ఉంచండి. వెంట్రుక నీళ్ళు పీల్చి మెత్తబడుతుంది. తర్వాత బ్రష్షుతో నురగ బాగా పట్టించండి.

రేజరు మూతని బుగ్గకి ఆనించి, బ్లేడు అంచు చర్మానికి తగిలీ తగలనట్టు అయ్యేదాకా పిడిని మెల్లగా కిందికి దించండి. బ్లేడుకీ చర్మానికీ మధ్య సుమారు 30 డిగ్రీల వాలు ఉంటే సరిపోతుంది. మొదటి రోజే మావయ్యగారు తడబడే మాటతోనే చెప్పారు, "నొక్కకమ్మా, దాని బరువే చాలు" అని. ఇంతకంటే మంచి సూత్రం నాకు ఇంకెక్కడా దొరకలేదు.

గీతలు పొట్టిగా, అంగుళం అంగుళంన్నర మించకుండా ఉండాలి. రెండు మూడు గీతలకోసారి రేజరు నీళ్ళలో ఆడించి, రెండో వైపు తిప్పుకోండి. రేజరుని పొరపాటున కూడా పక్కకి జరపకూడదు. చాకులా కోసేస్తుంది.

పెద్దవాళ్ళ చర్మం ముడతలు పడి వదులుగా ఉంటుంది. మామూలుగా అయితే బుగ్గ పూరించమంటాం. కానీ పట్టు తప్పిన బుగ్గ పూరించలేరు. అందుకని రెండో చేతి వేళ్ళతో చర్మాన్ని చెవివైపు సాగదీసి పట్టుకోవాలి. వేళ్ళు జారుతుంటే కాస్త పటిక రాసుకోండి, పట్టు దొరుకుతుంది.

మొదట వాలు వెంట ఒకసారి. మళ్ళీ నురగ పట్టించి అడ్డంగా ఒకసారి. ఎదురుగా గీస్తే మరీ నునుపొస్తుంది గానీ, మంట, పొక్కులు కూడా వస్తాయి. వెంట్రుక చర్మం లోపలికే మొలిచే ప్రమాదమూ ఉంది. పెద్దవాళ్ళకి మొదటి రెండూ చాలు.

చివర్లో చన్నీళ్ళతో కడిగి, తడి పటిక రాస్తే చిన్న చిన్న గాట్ల దగ్గర రక్తం ఆగుతుంది. బ్లేడు నాలుగైదు సార్లకి మార్చండి. ఒకరి బ్లేడు ఇంకొకరికి ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకండి. హెపటైటిస్ బి లాంటి జబ్బులు అలాగే అంటుకుంటాయి. పాత బ్లేడ్లు మూతకి సన్నటి చీలిక పెట్టిన రేకు డబ్బాలో వేస్తే, చెత్త ఎత్తే వాళ్ళ చేతులు కోసుకోవు.

ఇప్పుడు మావయ్యగారు ఎడమ చేత్తో ఎడమ బుగ్గ తనే గీసుకుంటున్నారు. అద్దం పట్టుకోవడం నా పని. మెడ, పై పెదవి, కుడి బుగ్గ నా వంతు. ఎవరైనా వస్తున్నారంటే చాలు, "అమ్మాయ్, సెట్టు తియ్యి" అంటారు. వచ్చిన వాళ్ళు కూడా మామూలు గొంతుతోనే మాట్లాడుతున్నారు.

మీ ఇంట్లోనూ మంచానపడ్డ పెద్దాయన ఉంటే, మందులూ పథ్యంతో పాటు ఆయన గడ్డం సంగతి కూడా ఒకసారి చూడండి. ఆయన నోరు తెరిచి అడగరు. మనమే అడగాలి.