హోన్వేద్ ఆటగాళ్లు చెదిరిపోవడం

ఈ రాత్రంతా హోన్వేద్ కథలోనే ఉన్నాను. బుడాపెస్ట్ శివారు కిష్‌పెష్ట్‌లో 1909లో పుట్టిన మామూలు ఫుట్‌బాల్ క్లబ్బు. తర్వాత ఆ క్లబ్బు పెద్ద ఆటగాళ్లైన పుష్కాష్, బోజిక్ ఇద్దరూ ఆ పేటలో ఇరుగుపొరుగు పిల్లలు. 1949లో సైన్యం క్లబ్బును తీసుకుంది. మంచి ఆటగాడు కావాలంటే బేరాలెందుకు, సైన్యంలో చేర్చుకుంటే సరి! ఫార్వర్డ్ కోచిష్ అలాగే వచ్చాడు. ఆటగాళ్లకు సైనిక హోదాలు కూడానూ.

1956 నవంబర్‌లో హంగరీ తిరుగుబాటును అణచడానికి సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్‌లోకి వచ్చేనాటికి జట్టు దేశం బయట ఉంది. యూరోపియన్ కప్‌లో స్పెయిన్ జట్టు బిల్బావో చేతిలో వాళ్ల ఊళ్లోనే 3-2తో ఓడింది. సొంతగడ్డ మీద జరగాల్సిన రెండో మ్యాచ్ బ్రస్సెల్స్‌లో ఆడింది. గోల్‌కీపర్‌కు దెబ్బ తగిలింది. సబ్‌స్టిట్యూట్లు లేని కాలం. ఫార్వర్డ్ త్సీబోర్ వెళ్లి గోల్‌లో నిలబడ్డాడు! 3-3. పోటీ నుంచి ఇక ఇంటికి... అంటే, ఇంటికి కూడా కాదు.

ఫుట్‌బాల్ అధికారులు వద్దన్నా బ్రెజిల్ వెళ్లి ఆడారు. తర్వాత పుష్కాష్ రియల్ మాడ్రిడ్‌కి, కోచిష్, త్సీబోర్ బార్సిలోనాకి. బోజిక్ మాత్రం హంగరీకి వెనక్కి వెళ్లాడు. అందరూ పుష్కాష్ గురించి రాస్తారు గానీ, నాకు బోజిక్ మీదే మనసు. ఇప్పుడు క్లబ్బు స్టేడియానికి ఆయన పేరే. జట్టేమో 2023లో రెండో డివిజన్‌కి జారిపోయింది.