డిస్కుకో స్విచ్చు

ఫ్యానుకు స్విచ్చుంది, బోరు మోటారుకు స్విచ్చుంది. కంప్యూటర్‌లోని హార్డ్ డిస్కుకు ఎందుకు లేదు? ఈ మాట అడిగితే ప్రొద్దుటూరులో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు నవ్వేశాడు. 'సిస్టమ్ ఆపితే అదీ ఆగుతుంది కదన్నా!' అన్నాడు.

నిజమే. కానీ నా బాధ వేరు. జమ్మలమడుగు, పులివెందుల తిరిగి రాసిన కథనాల ఫొటోలన్నీ నా రెండో డిస్కులో ఉన్నాయి. గండికోట లోయలో పెన్నమ్మ, పులివెందుల చీనీ తోటలు... అన్నిటినీ మించి, మా నాయన గొంతు. ఊరి పాత కబుర్లు చెబుతుంటే రికార్డు చేసుకున్నా. ఇప్పుడాయన లేరు. ఆ గొంతు వినేది ఏడాదికి రెండుసార్లే. డిస్కేమో కంప్యూటర్ వేసినప్పుడల్లా నిమిషానికి 7,200 చుట్లు తిరగడం మొదలుపెడుతుంది. ఏదైనా రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు చెడొచ్చు. వైరస్ భయం సరేసరి. 2017 మేలో వన్నాక్రై వచ్చినప్పుడు మన పోలీసు శాఖ కంప్యూటర్లే కొన్ని దాని బారిన పడ్డాయి.

వాడనప్పుడు నిద్రపుచ్చే సదుపాయం విండోస్‌లో ఉంది. అయితే ఫోల్డరు తెరిస్తే చాలు, డిస్కు మళ్లీ లేస్తుంది. కరెంటే అందకపోతే? కంప్యూటర్‌కు అది కనిపించదు. కనిపించనిదాన్ని వైరస్ ఏం చేస్తుంది!

పని చిన్నదే. మా డిస్కుకు వెళ్లే తీగలు నాలుగు. ఎరుపులో 5 వోల్టులు, అది సర్క్యూట్‌కు. పసుపులో 12 వోల్టులు, అది మోటారుకు. నలుపు రెండూ గ్రౌండు. ఎరుపు, పసుపు రెండూ ఒకేసారి తెగి, ఒకేసారి కలిసే డబుల్ పోల్ స్విచ్చు కావాలి. తిరగడం మొదలయ్యే క్షణంలో మోటారు సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి నాసిరకం స్విచ్చు పనికిరాదు. నవ్విన కుర్రాడే శ్రద్ధగా టంకం పెట్టి, కేబినెట్ వెనక బిగించాడు. 'సిస్టమ్ ఆపినాకే దీన్ని ముట్టుకో అన్నా' అని రెండుసార్లు చెప్పాడు.

స్విచ్చు ఉందని నిశ్చింతగా కూర్చోలేం. ఆపి ఉంచిన డిస్కూ ఏదో ఒకరోజు మొరాయించొచ్చు. అందుకే మరో ప్రతి పులివెందులలో మా అక్క ఇంట్లో పెట్టా. అప్పుడప్పుడూ రెండూ తెరిచి చూసుకుంటా.

మా వైపు రైతులు విత్తనం శనక్కాయలు వేరే మూటగట్టి దాస్తారు. ఎంత కరువొచ్చినా ఆ మూట విప్పడానికి చెయ్యి రాదు. మీ ఇంటి కంప్యూటర్‌లోనూ అలాంటి మూట ఒకటి ఉండే ఉంటుంది. ఒకసారి చూసుకోండి.