అమ్మ ముక్కుది కాదు తప్పు... ఆ గులాబీది!

2021 జూన్. స్టవ్ మీద పప్పు అడుగంటిపోయింది. హాల్లో ఉన్న నాకు మాడు వాసన గుప్పుమంది. పరిగెత్తుకెళ్తే, అమ్మ పొయ్యి పక్కనే నిలబడి తాపీగా వంకాయలు తరుగుతోంది. కోవిడ్ తగ్గి మూడు వారాలైనా వాసన తిరిగి రాలేదని అప్పుడు బయటపెట్టింది.

డాక్టర్ ‘స్మెల్ ట్రైనింగ్’ చేయమన్నారు. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి... ఈ నాలుగు వాసనల్నీ రోజుకి రెండుసార్లు, కాసేపు మనసు పెట్టి పీల్చాలి. జర్మనీలో థామస్ హమ్మెల్ బృందం 2009లో 12 వారాలపాటు చేయించి చూసిన పద్ధతి ఇదే. మూడు ఇంట్లోనే ఉన్నాయి. గులాబీ మాత్రం బొకేల షాపు నుంచి తెచ్చేదాన్ని.

రెండు నెలలకి లవంగం కాస్త తెలిసింది. గులాబీ మాత్రం సున్నా. ‘‘గులాబీ కూడా తెలీని ముక్కు ఇంకెందుకే!’’ అని అమ్మ పువ్వు పక్కన పెట్టేసింది. ఊరికే నేనూ వాసన చూశా. నాకూ ఏమీ రాలేదు! అన్నాళ్లూ వాసన లేని పువ్వుతో అమ్మకి పరీక్ష పెట్టానన్నమాట. బొకేల గులాబీల్ని ఎక్కువ రోజులు నిలవాలనీ, దూర ప్రయాణం తట్టుకోవాలనీ ఎంచుకుంటూ పోయారు. ఆ పరుగులో పరిమళం వెనకబడిపోయింది.

మాది రాజమండ్రి. మర్నాడే కడియం నర్సరీకి వెళ్లి, ‘‘రంగు ఎలా ఉన్నా పర్లేదు, వాసన అదిరిపోవాలి’’ అన్నా. ‘పాపా మెయాన్’ ఇచ్చారు. ఫ్రాన్స్‌లో మెయాన్ కుటుంబం 1963లో తెచ్చిన హైబ్రిడ్ టీ రకం. నల్లగా అనిపించేంత ముదురు ఎరుపు. తర్వాత చదివితే తెలిసింది... 2015లో ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు గులాబీ వాసన గుట్టు విప్పడానికి, దీన్నే వాసన లేని ‘రూజ్ మెయాన్’తో పోల్చి చూశారట. వాసనకి కీలకమైన ఒక జన్యువు దీన్లో చురుగ్గా ఉంది, దాన్లో దాదాపు నిద్రపోతోంది.

పెరట్లో ఆరు గంటలు ఎండ తగిలేచోట, అంటు కట్టిన చోటు మట్టిపైనే ఉండేలా నాటా. నెలకి ఓ కొమ్మ రివ్వున లేచింది. మురిసిపోయి నర్సరీ ఆయనకి ఫొటో పంపిస్తే, ‘‘అది మీ గులాబీ కాదండీ. అంటు కింద నుంచి వచ్చిన అడవి కొమ్మ. మొదలంటా తీసేయండి, లేకపోతే బలమంతా అదే లాగేస్తుంది’’ అన్నారు. మనసొప్పలేదు కానీ తీసేశా. తర్వాత ఆకుల మీద నల్లమచ్చలు. రాలినవన్నీ ఏరేసి, సాయంత్రం ఆకులు తడిసేలా నీళ్లు పోయడం మానేశా. పొద్దున్నే మొదట్లో మాత్రమే పోసేదాన్ని.

డిసెంబర్‌లో మొదటి పువ్వు. ఎండెక్కితే పరిమళం ఎగిరిపోతుందని, ఏడింటికే అమ్మని లాక్కెళ్లా. ముందు నేను చూశా... ఉంది, బోలెడంత! అమ్మ వంగి కళ్లు మూసుకుంది. చాలాసేపు ఏమీ అనలేదు.

‘‘దూరంగా... ఏదో తియ్యగా ఉందే.’’

అంతే. పూర్తిగా రాలేదు. ఇంగువ ఇప్పటికీ తెలీదు, కాఫీ సగమే. కానీ పువ్వు కోస్తానంటే మాత్రం ఊరుకోదు. పొద్దున లేవగానే చీర కొంగు బిగించి పెరట్లోకి వెళ్తుంది. లోపలికొస్తూ, ‘‘నిన్నటికన్నా నయమే’’ అంటుంది.