రెడ్‌హిల్స్‌లో... ముద్ద కూడా మందే!

హైదరాబాద్ నాంపల్లి స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కితే కాసేపట్లోనే రెడ్‌హిల్స్. పేరులోనే కొండలు... కళ్లకు కనిపించేవి మాత్రం ఆసుపత్రులు. 1953లో వెలిసిన నీలోఫర్ పిల్లల దవాఖానా ఇక్కడే. 1955లో మొదలైన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రీ ఇక్కడే. ఇరానీ చాయ్ ఘుమఘుమలు, ఉస్మానియా బిస్కెట్లు, మందుల చీటీలు పట్టుకుని పరుగులు తీసే నాన్నలు... ఈ వీధికి అన్నీ అలవాటే.

తగ్గని జ్వరం, పాలిపోయిన ముఖం, ఒంటిమీద కమిలిన మచ్చలు. వీటితో వచ్చే పిల్లల్లో కొందరి విషయంలో డాక్టర్లకు బ్లడ్ క్యాన్సర్ అనుమానం వస్తుంది. రక్త పరీక్షలు, ఎముక మజ్జ పరీక్ష పూర్తయి సంగతి తేలేదాకా అమ్మకు తోచే పని ఒక్కటే... బిడ్డకు ఏదో ఒకటి తినిపించడం. ఊరి నుంచి బంధువులూ వస్తారు. ఒకరి చేతిలో కొబ్బరిబోండాలు, ఇంకొకరి దగ్గర బొప్పాయి ఆకు రసం, మరొకరు 'రక్తం పడుతుంద'ని తెచ్చిన టానిక్.

అన్నీ ప్రేమతో తెచ్చినవే. కానీ చిక్కంతా అక్కడే ఉంది! చికిత్స మొదలైన తొలిరోజుల్లో జబ్బు కణాలు ఒక్కసారిగా పగిలితే రక్తంలో పొటాషియం పెరిగిపోతుంది. అది గుండెకే ముప్పు. కొబ్బరినీళ్లలో ఉండేదీ ఆ పొటాషియమే. అందుకే డాక్టరు సరేననేదాకా వాటిని పక్కన పెట్టాలి. రోగాన్ని ఎదిరించే తెల్లకణాలు తగ్గిన బిడ్డకు పచ్చి ఆకు రసంతో ఇన్‌ఫెక్షన్ రావచ్చు. ఇక టానిక్కుల్లో ఉండే కొన్ని విటమిన్లు కీమో మందులకు అడ్డు తగులుతాయి.

మరి ఏం పెట్టాలి? అప్పుడే వండిన వేడి పప్పన్నంలో చెంచాడు నెయ్యి. బాగా ఉడికిన గుడ్డు. మెత్తని ఇడ్లీ. కాచి చల్లార్చిన నీళ్లు. బండిమీద కోసిపెట్టిన పండ్ల ముక్కలు, నిన్నటి కూర వద్దు. మూడుపూటలా కంచం నిండా పెట్టి బతిమాలేకన్నా, రెండు గంటలకోసారి గుప్పెడంత పెడితే మేలు. నోరు పూస్తే కారం మానేసి చల్లారిన మెత్తటి జావ. స్టెరాయిడ్లు వాడే రోజుల్లో మాత్రం కథ తిరగబడుతుంది... అర్ధరాత్రి లేచి మరీ 'ఆకలి' అంటారు. అప్పుడు ఉప్పు, చక్కెర తగ్గించాలి.

ఇలాంటి వార్డుల్లో డైటీషియన్ చేతిలో చిన్న టేపు ఉంటుంది. బిడ్డ జబ్బ చుట్టుకొలత చూడటానికి. వాపు వల్ల బరువు సరిగా తెలియకపోయినా, జబ్బ సన్నబడితే అసలు సంగతి బయటపడుతుంది. చిక్కిపోయిన పిల్లలకు కీమోను తట్టుకోవడం కష్టం. ఇన్‌ఫెక్షన్లు ముసురుతాయి, చికిత్స ఆగిపోతుంది. సంపన్న దేశాల్లో క్యాన్సర్ సోకిన పిల్లల్లో 80 శాతానికి పైగా కోలుకుంటున్నారంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మన పిల్లలూ ఆ వరసలో నిలవాలంటే మందుతోపాటు ముద్దా సమయానికి అందాలి.

'ఇంకొక్క ముద్ద... జర తిను బిడ్డా' అని అమ్మ బతిమాలుతుంది. బిడ్డ తల అడ్డంగా ఊపుతుంది. అమ్మ గిన్నె మూతపెట్టి గడియారం వంక చూస్తుంది. రెండు గంటలాగి మళ్లీ అడగాలి. రెడ్‌హిల్స్ వార్డుల్లో ఓపిక కూడా వైద్యమే మరి!