తుంటికాడ వంగల్ల

గోల్ఫ్ అనగానే మనవాళ్ళకు టోపీలు, ఖరీదైన బూట్లు, పెద్ద ఆఫీసర్లు గుర్తుకొస్తారు. బెంగుళూరులో 1876 నుంచీ గోల్ఫ్ క్లబ్బు ఉంది. మూడు తరాలుగా ఈ ఊళ్ళోనే ఉన్నా మా ఇంట్లో ఆ కర్ర పట్టుకున్న మొదటివాణ్ణి నేనే, అదీ అరవయ్యో ఏట, రిటైరైన తరువాత. పొద్దున్నే పచ్చికలో నడక, నలుగురు స్నేహితులు. ఇంటికి వచ్చాక మాత్రం నడుము పట్టేసేది. ముప్పై అయిదేళ్ళు బల్ల ముందు కూర్చున్న నడుము మరి! కర్రలు అమ్మేయమని మా శ్రీమతి. "ఆట మానమనను, వంగే తీరు మార్చుకోండి. లేకపోతే ఏడాదిలో మీరే మానేస్తారు" అని డాక్టరుగారు.

ఆ తీరు నాకు నేర్పినవాడు మా క్యాడీ. (కేడీ అంటే మన భాషలో వేరే అర్థం ఉంది గానీ, ఇతను బుద్ధిమంతుడు.) కోలారు వైపువాడు, ఇంట్లో తెలుగే. "నడుము వంచేది కాదు సార్, తుంటికాడ వంగల్ల" అన్నాడు. వెంటనే మా అమ్మ వాకిట్లో ముగ్గు వేయడం కళ్ళముందు కదిలింది. ఆవిడ వీపు ఏనాడూ విల్లులా గుండ్రంగా అయ్యేది కాదు, తుంటి దగ్గర మడతపెట్టినట్టు వంగేది.

ఇంట్లోనే చేసి చూడవచ్చు. గోడకు వీపు పెట్టి, మడమలు బెత్తెడు దూరంలో ఉంచి నిలబడండి. వెన్ను నిటారుగా ఉంచి, పిరుదులు గోడకు తగిలేదాకా వెనక్కి నెట్టండి. మోకాళ్ళు కొంచెం సడలాలి, అంతే, కుర్చీలో కూలబడినట్టు కాదు. బరువు పాదాల మధ్యన ఉండాలి. చేతులు బావిలోకి వదిలిన చేదతాళ్ళలా భుజాల నుంచి నిలువుగా వేలాడాలి. వెన్ను సరిగా ఉందో లేదో తెలియాలంటే ఒక కర్రను వీపు వెంట పట్టుకోండి. వంగినప్పుడు తల వెనక, భుజాల నడుమ, నడుము అడుగున మూడుచోట్లా అది తగులుతూనే ఉండాలి.

ఇంతకీ నడుముకూ బంతికీ ఏమిటి సంబంధం? పక్కకు వాల్చిన బండిచక్రాన్ని ఊహించుకోండి. ఇరుసు మీ మెడ దిగువన ఉంది, చేతులూ కర్రా కలిసి ఒక ఆకు. ఆ చక్రం వాలునే గోల్ఫ్‌లో స్వింగ్ ప్లేన్ అంటారు. పొట్టి కర్రతో బంతికి దగ్గరగా నిలబడతాం గనుక చక్రం నిటారుగా లేస్తుంది, పొడుగు డ్రైవరుతో బాగా వాలుతుంది. దెబ్బ మధ్యలో వెన్ను పైకి లేచిందా, ఇరుసు కదిలింది! దాన్ని సర్దడానికి చేతులు ఏవో తిప్పలు పడతాయి. కర్ర బయటినుంచి లోపలికి కోస్తుంది, చాలాసార్లు బంతి కుడివైపు వంకర తిరుగుతుంది (కుడిచేతివాటం వాళ్ళకు). చేతులను తిట్టి లాభం లేదు.

అమెరికా ఆటగాడు బెన్ హోగన్ 1957లో రాసిన పుస్తకంలో ఈ వాలునే బంతి నుంచి భుజాలమీదికి ఆనించిన గాజుపలకగా చూపించాడు. 1949లో అతని కారును బస్సు గుద్దినప్పుడు కటి ఎముక, కాలర్ బోన్ విరిగాయి. అయినా 1950లో అమెరికా ఓపెన్ గెలిచాడు. ఈ సంగతి చెబితే మా శ్రీమతి, "ఆయన వయసెంత, మీ వయసెంత?" అంది. అప్పటికి ఆయనకు 37. నేను మాట్లాడలేదు.

గోడ దగ్గర సాధన మొదలుపెట్టి మూడు నెలలైంది. తొమ్మిది గుంతలు ఆడి వచ్చినా సాయంత్రం వేడినీళ్ళ సంచి అడగడం లేదు. వచ్చే నెల డాక్టరుగారికి మళ్ళీ చూపించుకోవాలి. అందాకా డ్రైవరు మాత్రం సంచిలోంచి తీయవద్దని మా క్యాడీ హుకుం.